వార్తలో రాలిపోయిన ‘అట’

రావులపాలెం మార్కెట్లో అరటి గెల ధర పేపర్లో తప్పు పడితే రైతు ఆ పూటే పట్టేస్తాడు. మార్కెట్టు పక్కనే ఉంది కదా. కొండ మీది ఎన్‌కౌంటర్ వార్తలో తప్పు పట్టగలిగినవాళ్ల దగ్గరికి ఆ పేపరే చేరదు.

2016 అక్టోబరు 24న మల్కనగిరి జిల్లా రామగూడ దగ్గర జరిగిన ఎన్‌కౌంటర్ తీసుకోండి. మొదటిరోజు మృతులు 24 మంది. కొద్దిరోజుల్లో 30. ఆర్కే సంగతి మరీ విచిత్రం. గాయపడ్డారన్నారు, చనిపోయారన్నారు, పోలీసుల అదుపులో ఉన్నారన్నారు. భార్య శిరీష హైకోర్టు మెట్లెక్కారు. చివరికి ఆయన క్షేమమని వరవరరావు ప్రకటించారు. ఆర్కే 2021లో అనారోగ్యంతో పోయారు.

అంకెలు మారడాన్ని మేము తప్పుపట్టం. బలిమెల రిజర్వాయరు నీళ్లు దారి మూసేసిన చోటు అది. గురుప్రియ వంతెన తెరిచిందే 2018లో. మా పేచీ వాక్యంతో. చూడనిది చెప్పడానికి తెలుగులో ‘అట’ ఉంది. తన కళ్లతో చూడకపోతే సంతలో ముసలమ్మ కూడా ‘ఆవు ఈనిందట’ అనే అంటుంది. శీర్షికకు వచ్చేసరికి ఆ ‘అట’ రాలిపోతుంది. ఇంతమంది మావోయిస్టులు హతం అని రాస్తే అందులో రెండు మాటలున్నాయి. చనిపోయారన్నది శవాలు చెబుతాయి. అందరూ మావోయిస్టులే అన్నది ఎవరు చెప్పారు? ఎక్కడో నాలుగో పేరాలో ‘పోలీసు వర్గాలు’. మృతుల్లో మామూలు గిరిజనులూ ఉన్నారని హక్కుల సంఘాలంటే మాత్రం అది ‘ఆరోపణ’. పోలీసులు ‘తెలిపారు’, వీళ్లు ‘ఆరోపించారు’. క్రియాపదంలోనే తీర్పు అయిపోయింది!

ఛత్తీస్‌గఢ్ సార్కేగూడలో 2012 జూన్ 28 రాత్రి 17 మంది చనిపోయారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊరివాళ్లు అప్పుడే చెప్పారు. మృతులు మావోయిస్టులనడానికి ఆధారం లేదన్న జస్టిస్ అగర్వాల్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది 2019లో. ఏడేళ్లు!

మావోయిస్టుల కాగితాలకూ ఇదే కొలత. ఇన్‌ఫార్మర్ అంటూ చంపిన ఆదివాసీ పక్కన వదిలిన చీటీని ఉన్నదున్నట్టు అచ్చేయడం వార్త రాయడం కాదు.

2022లో జిల్లాలు విడిపోయి రావులపాలెం కోనసీమకు, రంపచోడవరం అల్లూరి జిల్లాకు పోయాయి. జిల్లా పేజీలూ విడిపోయాయి. ఏజెన్సీ కబురు పెద్దదైతే తప్ప ఇక్కడికి దిగదు. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో హిడ్మా చనిపోయినప్పుడు దిగింది. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని చంపారని మావోయిస్టు పార్టీ. అలాంటి వార్తకు తర్వాత వచ్చే సవరణలు, విచారణలు లోపలి పేజీలో నాలుగు లైన్లవుతాయి, అదీ వేరే జిల్లా పేపర్లో.

కోయ, కువి వచ్చినవాళ్లు మాలో ఉన్నారు. విలేకరులు ఊరికి వెళ్తూ పిలిస్తే వస్తాం. ఊరివాళ్లు అన్నది అన్నట్టు, ‘అట’తో సహా తెలుగులో చెబుతాం.