రికార్డు మీద లేని పేర్లు

గ్రామఫోను రికార్డుకు మళ్ళీ మంచిరోజులు వచ్చాయంటున్నారు. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడుపోగా, సీడీలు 3 కోట్ల 30 లక్షలు మాత్రమే పోయాయి. 1987 తర్వాత రికార్డు సీడీని మించటం అదే మొదటిసారి. మన దేశంలో కూడా 2024లో ముంబయిలో రికార్డులు అచ్చుపోసే పని తిరిగి మొదలయింది. ఎర్రగడ్డ ఆదివారపు అంగట్లో పాతసామాను గుట్టల మధ్య ఘంటసాల రికార్డు కోసం వెతుకుతున్న కుర్రవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో ఒకరిద్దరు నా విద్యార్థులు. వాళ్ళు పుట్టేనాటికి క్యాసెట్టు కూడా వెనకబడింది. నేను పుట్టేనాటికే రికార్డు అటకెక్కింది. తాము ఎరుగని గతం మీద మనుషులకు ఇంత బెంగ ఎందుకు?

ఈ ప్రశ్నకు రెండు సులభమైన సమాధానాలున్నాయి. రికార్డులో వినిపించే నాదం మరెందులోనూ లేదని రసికులంటారు. ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా, దీన్ని పట్టించుకోనక్కర్లేదని మన మిత్రులంటారు. మొదటిది పూర్తిగా నిజం కాదు. ఈనాడు వచ్చే కొత్త రికార్డుల్లో చాలా వాటికి మూలం కంప్యూటరులో దాచిన అంకెల శబ్దమే. రెండవది కూడా పూర్తిగా నిజం కాదు. ఏ వస్తువుకైనా దానికదిగా అభ్యుదయమూ వుండదు, అభివృద్ధి నిరోధమూ వుండదు. అది ఏ సామాజిక సంబంధాల మధ్య తిరుగుతున్నదో చూడాలి.

పుట్టినప్పుడు రికార్డు చేసిన మేలు చిన్నది కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి రికార్డు ఇచ్చేనాటికి మంచి సంగీతం దర్బారుల్లో, జమీందారుల మేడల్లో, సభల్లో వుండేది. అక్కడ గడప దాటే అర్హత అందరికీ లేదు. గ్రామఫోను ఆ గడపను చెరిపేసింది. కాఫీహోటల్లో అర్ధణా ఖర్చుపెట్టినవాడూ, పెళ్ళిపందిట్లో లౌడ్ స్పీకరు కింద నిలబడ్డవాడూ శ్రోతలయ్యారు. కులీనులు చిన్నచూపు చూసిన వృత్తికళాకారిణులకు రికార్డు దేశమంతటా పేరు తెచ్చింది. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి తొలి రికార్డు 1926 నాటిది. అప్పటికి ఆమెకు పదేళ్ళు. రాగం తానం పల్లవి గంటల తరబడి పాడే విద్వాంసుడు మూడు నిమిషాల్లో ముగించవలసి వచ్చింది. దాన్ని కళకు జరిగిన అపచారంగా కొందరు భావించారు. కాని సామాన్యుడి తీరికకు సరిపడే పాట అనే రూపం ఆ నిర్బంధంలోంచే బలపడింది.

అయితే ఈ మేలు చేసిన రికార్డు ఎవరి చేతుల్లో తయారయింది? నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు వినైల్ కాదు, లక్క. అందులో రాతిపొడి వగైరాలు కలిపి వేడిమీద అచ్చుపోసేవారు. ఆ లక్కను ఛోటానాగపూర్ అడవుల్లో కొమ్మలమీదనుంచి గీకి తెచ్చినవాళ్ళు ఆదివాసులు. ప్రపంచమంతా మన లక్కమీద ఎంతగా ఆధారపడిందంటే, యుద్ధంవల్ల సరఫరాకు ముప్పు వచ్చినప్పుడు, 1942లో, అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి లక్క వాడకాన్ని బాగా కుదించవలసి వచ్చింది. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డుతో లక్క స్థానాన్ని వినైల్ ఆక్రమించటం మొదలయింది. రికార్డుమీద గాయకుడు పాడుతుంటే విని కన్నీరు పెట్టుకున్నవారికి, ఆ కంఠాన్ని మోసిన పదార్థాన్ని ఒక సంథాలు స్త్రీ గంపలో మోసిందని తెలియదు. సరుకు తన పుట్టుకను దాచుకుంటుందని 1867లో మార్క్స్ చెప్పినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

లక్క మోసినవారి సంగతి అలా వుంచుదాం. పాడినవారి పేరైనా వుందా? 1949లో వచ్చిన ‘మహల్’ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని వేశారు. అది చిత్రంలోని పాత్ర పేరు! శ్రోతలు ఆమె ఎవరని అడగబట్టి అసలు పేరు బయటికి వచ్చింది. అంత గొప్ప గాయనికే పేరు పోరాడి వచ్చిందంటే మిగతావారి మాటేమిటి? మన తెలుగు రికార్డుల అట్టలు తిప్పి చూడండి. గాయకుడి పేరు వుంటుంది, గాయని పేరు వుంటుంది, ఆ పక్కన ‘బృందం’ అనే మాట వుంటుంది. ఆ మాట వెనక ఆరుగురున్నారా, పదహారుమంది వున్నారా అట్ట చెప్పదు.

ఇటీవల ఒక మిత్రుడు నన్ను జూబిలీహిల్స్‌లో ఒక కాఫీశాలకు తీసుకుపోయాడు. అక్కడ గోడనిండా పాత సినిమా రికార్డుల అట్టలు పటాలు కట్టి పెట్టారు. ఒక మూల రికార్డు తిరుగుతున్నది. కాఫీ ధరతో కృష్ణానగర్‌లో ఒక మనిషి రెండుపూటలా భోజనం చెయ్యవచ్చు. కృష్ణానగర్ ఆ కొండ దిగువనే వుంది. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరుచుకున్న తర్వాత, క్రమంగా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చిన కొద్దీ, సినిమా పనిమీద బతికేవాళ్ళు ఆ సందుల్లోని ఇరుకుగదుల్లో చేరారు. ఆ సాయంత్రమే కొండ దిగి వస్తూ, అక్కడ వుంటున్న ఒక వృద్ధ వయొలిన్ వాద్యకారుణ్ణి చూడబోయాను. కాఫీశాలలో విన్న పాట పేరు చెప్పాను. “అందులో రెండో చరణానికి ముందు వచ్చే బిట్టు మాదే, మాస్టారూ! పన్నెండుమందిమి వాయించాం. పొద్దున్నించి సాయంత్రందాకా పట్టింది,” అన్నాడాయన. ఆ పాట రికార్డు ఆయన దగ్గర లేదు. అట్టమీద ఆయన పేరూ లేదు.

పేరు లేకపోతే ఏం, పాట వుందిగదా అని సరిపెట్టుకోవటానికి వీల్లేదు. పేరుకూ కూలికీ సంబంధముంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి గీతకర్తలకూ సంగీతదర్శకులకూ రాయల్టీ హక్కును స్థిరపరచారు. ప్రదర్శకులకు కూడా వాటా ఇచ్చారు. ఇది మంచి సవరణే. కాని అదే సవరణలో ఒక మినహాయింపు వుంది. సినిమాలో యాదృచ్ఛికంగానో ప్రాసంగికంగానో పాల్గొని, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు వెయ్యబడని వ్యక్తిని, దాదాపు అన్ని విషయాల్లోనూ, ప్రదర్శకుడిగా లెక్కించనక్కర్లేదు! పేరు వెయ్యకపోవటం ఆనవాయితీ. ఆ ఆనవాయితీయే హక్కు లేకపోవటానికి సాక్ష్యం. ‘బృందం’ అనే మాట అట్టమీద చోటు మిగల్చటానికే పుట్టిందనుకునేవారు ఈ మెలికను గమనించాలి.

యంత్రంతో లెక్కలేనన్ని ప్రతులు తీసే కాలంలో కళాఖండానికుండే ఏకైకత్వపు మహిమ నశిస్తుందనీ, కళ ప్రజల చేతికి వస్తుందనీ 1930లలో వాల్టర్ బెన్యమిన్ ఆశించాడు. ఆయన ఊహించని వింత ఇప్పుడు జరుగుతున్నది. వేలాది ప్రతుల్లో ఒకటైన రికార్డే ఏకైక వస్తువుగా పూజలందుకుంటున్నది. దాని గీతలూ, గరగరలూ ‘ప్రామాణికత’కు గుర్తులయ్యాయి. ఒకనాడు గడపను చెరిపిన వస్తువు ఈనాడు కొత్త గడపగా నిలబడింది. రికార్డు మారలేదు. దాని చుట్టూ వున్న సంబంధం మారింది.

మరొక సంగతి కూడా మరవరాదు. రికార్డుల గుట్టను మన గతమంతా అనుకుంటే, రికార్డుకెక్కనిది గతం కాకుండా పోతుంది. తెలంగాణ సాయుధపోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను లక్షలమంది పాడుకున్నారు. గద్దర్ గొంతులో అది 1980లో విడుదలైన ‘మాభూమి’ ద్వారా వెండితెరకెక్కటానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో దాన్ని బతికించింది ఏ కంపెనీ కాదు, జనం గొంతులు.

కాబట్టి నా విద్యార్థులను రికార్డులు కొనవద్దని నేననను. పాత పాటమీద ప్రేమ వాళ్ళలో నిజంగానే వుంది. అయిదు సెకన్లకొక పాట మార్చే ఈ కాలంలో, ఒక పక్క పూర్తయ్యేదాకా కదలకుండా వినాలనే కోరిక మెచ్చుకోదగినదే. కాని ఆ ప్రేమ అట్ట దగ్గర ఆగిపోగూడదు. సంగీతదర్శకుడు ఎం. బి. శ్రీనివాసన్ మద్రాసులో సినిమా వాద్యకారులకు సంఘం కట్టటంలో ముందు నిలిచాడు. బృందగానాన్నే ఒక ఉద్యమం చేశాడు. ‘బృందం’ అనే మాటకు గౌరవం తేవటం ఎలాగో ఆయన చూపించాడు. 2025 ఆగస్టులో 30 శాతం వేతనపు పెంపు కోరుతూ తెలుగు సినిమా కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేసినప్పుడు, పాత పాటల అభిమానుల్లో ఎంతమంది కృష్ణానగర్ వైపు తొంగిచూశారు?

మన కళాశాలల తెలుగు శాఖలు, సంఘపు శాఖలు ఒక పని చెయ్యవచ్చు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క పాత రికార్డు తీసుకుని, కృష్ణానగర్‌కూ, మద్రాసులో మిగిలిన వృద్ధ కళాకారుల ఇళ్ళకూ వెళ్ళి, ఆ పాటలో ఎవరు పాడారో, ఎవరు ఏ వాద్యం వాయించారో, ఆ రోజుకు ఎంత కూలి ముట్టిందో అడిగి రాసుకు రావాలి. నేను చూసిన వయొలిన్ వాద్యకారుడికి ఆ పన్నెండుమందిలో తొమ్మిదిమంది పేర్లు జ్ఞాపకమున్నాయి. మిగతా ముగ్గురి పేర్లు చెప్పగలవారు ఇంకా ఒకరిద్దరు బతికివున్నారట. వాళ్ళ చిరునామాలు అడిగి తెచ్చాను.