పరిశీలకుడు నిలిచిన చోటు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి దశాబ్దంలో భారతీయ సమాజశాస్త్రజ్ఞులు పల్లెలకు వెళ్లి, నెలల తరబడి అక్కడే ఉండి, కళ్లారా చూసినదాన్ని రాయడం మొదలుపెట్టడం వెనుక ఒక స్పష్టమైన అసంతృప్తి ఉంది. అంతకుముందు కులాన్ని గురించి రాసినవారిలో పలువురు ధర్మశాస్త్రాలను ముందు పెట్టుకుని, దేశమంతటా నాలుగు వర్ణాలు ఒకే తీరున మెట్లుమెట్లుగా అమరి ఉన్నాయని చెప్పగా, ఊళ్లోకి వెళ్లినవారికి కనిపించినవి ప్రాంతానికొక తీరున ఉన్న అనేక కులాలు, ఎవరు ఎవరికంటే పైవారన్న విషయంలో వాటి మధ్య నడిచే తెగని వాదాలు. ఎం.ఎన్. శ్రీనివాస్ ఈ రెండు మార్గాలనూ గ్రంథదృష్టి, క్షేత్రదృష్టి అని వేరు చేసి రెండోదానివైపు నిలిచారు. అయితే పుస్తకాన్ని గ్రంథాలయంలో వదిలి రావచ్చు గాని, ఆ పుస్తకం నేర్పిన ప్రశ్నలను వదిలి రావడం ఎవరికీ సాధ్యం కాదు. ఈ చిక్కును గ్రామ అధ్యయన సంప్రదాయం ఎదుర్కొన్న తీరులోనే దాని అసలైన విలువ ఉంది.

ఒక పల్లెలో ఒక పూట జరిగేవన్నీ రాయాలంటే ఏ పరిశోధకుడి తరమూ కాదు. బావి దగ్గర ఎవరు ముందు నీళ్లు తోడుకున్నారు, కూలి డబ్బు చేతికిచ్చారా కింద పెట్టారా, ఏ ఇంటి ముందు ఎవరు చెప్పులు విడిచారు, వరుసైన ఇద్దరు ఎందుకు మాట్లాడుకోలేదు అన్నవన్నీ కళ్ల ముందు ఏకకాలంలో జరిగిపోతుంటాయి. వాటిలో నోటుపుస్తకంలోకి ఎక్కేది ఏదో, ఎక్కనిది ఏదో పరిశోధకుడు వెంట తెచ్చుకున్న సిద్ధాంతం, అంటే సమాజం ఎలా పనిచేస్తుందన్న విషయంలో అతనికి ముందే ఉన్న వివరణ, నిర్ణయిస్తుంది. దానికంటే లోతున పూర్వభావనలు ఉంటాయి. ఇవి ఎవరూ వాదించి నిరూపించనివి, అడిగితే తప్ప తమకు ఉన్నాయని కూడా తెలియనివి. క్షేత్రకార్యానికి పునాది వేసినవారిలో ఒకరైన బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ 1922లో వెలువరించిన ట్రోబ్రియాండ్ దీవుల అధ్యయనంలోనే ఇక్కడ ఒక గీత గీశారు. ముందే తేల్చుకున్న జవాబులతో వెళ్లడం హానికరమనీ, ముందే తయారుచేసుకున్న ప్రశ్నలతో వెళ్లడం మాత్రం శాస్త్రజ్ఞుడికి పెట్టుబడి అనీ ఆయన అభిప్రాయం. వినడానికి సులువుగా ఉన్నా ఆచరణలో ఈ గీత చాలా సన్ననిది, ఎందుకంటే ప్రతి ప్రశ్నలోనూ సగం జవాబు దాగి ఉంటుంది.

శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపుర అనే గ్రామంలో నివసించి చేసిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. ఆక్స్‌ఫర్డ్‌లో ర్యాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఇవాన్స్-ప్రిచర్డ్‌ల దగ్గర ఆయన నేర్చుకున్నది ప్రకార్యవాదం. సమాజంలోని ప్రతి ఆచారమూ, ప్రతి వ్యవస్థా మొత్తం సమాజం నిలబడటానికి ఏదో ఒక పని చేస్తుందని, కాబట్టి ఆ పని ఏమిటో కనుక్కోవాలని చెప్పే సిద్ధాంతం అది. ఆ చూపు వల్లనే భూమి, జనసంఖ్య, రాజకీయ పలుకుబడి కలిగి ఊరిని నడిపించే 'ప్రాబల్య కులం' అన్న భావన శాస్త్రానికి దక్కింది. యజమానికీ పనివాడికీ మధ్య తరతరాల బంధాలు ఊరిని ఎలా కట్టి ఉంచుతాయో వివరంగా తెలిసింది. ఆ చూపు వల్లనే ఆ బంధాల్లో నలిగినవారి మాట తక్కువగా వినిపించింది. ఆయన నివాసం గ్రామ పెద్దకు చెందిన చోట; ఊరు ఆయనను బ్రాహ్మణుడిగానే చూసింది, అలాగే మెలగాలని కోరింది. 1970లో స్టాన్‌ఫర్డ్‌లోని పరిశోధనా కేంద్రానికి దుండగులు నిప్పు పెట్టినప్పుడు, ఆయన ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న విశ్లేషణ కాగితాలు కాలిపోగా, జ్ఞాపకాన్నే ప్రధానంగా నమ్ముకుని 'ది రిమెంబర్డ్ విలేజ్' రాసి 1976లో ప్రచురించారు. తాను చూసింది పై కులాలవైపు నుంచి చూసిన ఊరు అని ఆ పుస్తకంలో ఆయనే దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. పుస్తకంలోని ఎన్నో అందమైన వర్ణనల కంటే ఆ ఒప్పుకోలు తరువాతి పరిశోధకులకు ఎక్కువ ఉపయోగపడిందనడం అతిశయోక్తి కాదు.

నిలిచిన చోటు మారితే కనిపించేది ఎంతగా మారుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపిన అధ్యయనం గెరాల్డ్ బెరెమన్‌ది. ఈ అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు 1957–58లో డెహ్రాడూన్‌కు పైనున్న గఢ్వాల్ కొండల్లో, రాజపుత్రులదే పైచేయిగా ఉన్న సిర్కందా అనే గ్రామంలో పనిచేశారు. మొదట ఆయనకు దుబాసీగా, సహాయకుడిగా ఉన్నది మైదాన ప్రాంతపు మూలాలు గల బ్రాహ్మణ యువకుడు. అతని సమక్షంలో పై కులాలవారు తమ ఆచారాలు మైదానపు హిందువుల ఆచారాలకు ఏమాత్రం తీసిపోవన్నట్లు మాట్లాడేవారు. మాంసం, మద్యం, జంతుబలి, కన్యాశుల్కం వంటి కొండప్రాంతపు అలవాట్ల ప్రస్తావన రానిచ్చేవారు కాదు. కింది కులాలుగా పరిగణించబడిన కమ్మరులు, నేతగాళ్లు మొదలైనవారు అసలు నోరు విప్పేవారు కాదు. కొన్ని నెలలకు ఆ యువకుడు జబ్బుపడి వెళ్లిపోగా, అతని స్థానంలో నడివయసు ముస్లిం ఉపాధ్యాయుడు వచ్చారు. పరిశోధకుడు మారలేదు, ఊరు మారలేదు, ప్రశ్నలు కూడా పెద్దగా మారలేదు. ఆచారశుద్ధిని తూచే మనిషి ఎదుట లేకపోవడంతో జవాబులు మారాయి. కింది కులాలవారు దగ్గరకు వచ్చి, పై కులాలవారు ఏం చేస్తారో, ఏం దాస్తారో, తమతో ఎలా వ్యవహరిస్తారో చెప్పసాగారు.

బెరెమన్ ఈ అనుభవాన్ని పక్కకు నెట్టేయకుండా దానిపైనే 1962లో ఒక ప్రత్యేక గ్రంథం వెలువరించారు. మనుషులు ఎదుటివారి ముందు తమను తాము ఒక తీరున కనబరుచుకుంటారనీ, వేదిక మీది ప్రవర్తన వేరు, తెర వెనుక ప్రవర్తన వేరు అనీ చెప్పిన ఎర్వింగ్ గాఫ్‌మన్ సిద్ధాంతాన్ని ఆయన తీసుకుని, ఆ నాటకంలో పరిశోధకుడూ దుబాసీ కూడా పాత్రధారులేనని చూపించారు. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, మొదటి నెలల సమాచారం వృథా కాలేదు. పై కులాలవారు ఒక బ్రాహ్మణుడి ముందు ఏం దాచాలనుకున్నారన్నది తెలియడం వల్లనే వారికి దేనిమీద ఆశ ఉందో, దేనివల్ల తలవంపులు అనుకున్నారో అర్థమైంది. ఒక్క దుబాసీతోనే పని ముగిసి ఉంటే, ఆ ఊరి గురించి చక్కగా కుదిరిన ఒక సగం సత్యం పుస్తకంగా వచ్చి ఉండేది.

ఇదే తేడా సిద్ధాంతాల స్థాయిలోనూ కనిపిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కరీంపూర్‌లో పనిచేసిన విలియం వైజర్ 1936లో జజ్మానీ వ్యవస్థను, అంటే వృత్తికులాలవారు రైతు కుటుంబాలకు పనిచేసి పంటలో వాటా పొందే ఏర్పాటును, పరస్పర సేవగా వర్ణించారు. 1959లో థామస్ బైడెల్‌మన్ అదే ఏర్పాటులో భూమి ఉన్నవాడి బలాన్ని, లేనివాడి నిస్సహాయతను చూశారు. తమిళనాడులో దళితుల మధ్య పనిచేసిన జోన్ మెంచర్ 1974లో మరో అడుగు ముందుకు వేసి, కులవ్యవస్థను కింది నుంచి చూస్తే అది సమన్వయంగా కాక దోపిడీగానే కనిపిస్తుందని వాదించారు. తెలంగాణ పాఠకులకు ఈ తేడా మరింత దగ్గరిది. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి ఎస్.సి. దూబే 1951–52లో చేసిన అధ్యయనం 1955లో 'ఇండియన్ విలేజ్' పేరుతో వచ్చి, ఒక భారతీయ గ్రామాన్ని సమగ్రంగా వర్ణించిన తొలి పుస్తకాలలో ఒకటిగా నిలిచింది. సామాజిక నిర్మాణం, ఆర్థిక నిర్మాణం, క్రతు నిర్మాణం అంటూ నిర్మాణాల వరుసలో సాగే ఆ పుస్తకం నాటి గ్రామ జీవితాన్ని ఓపికగా భద్రపరిచింది. అయితే ఆ ప్రాంతం అప్పుడే భూస్వాములకు ఎదురుతిరిగిన తెలంగాణ రైతుల సాయుధ పోరాటం నుంచి బయటపడుతున్న ప్రాంతం. అదే పోరాటాన్ని గురించి దాని నాయకులలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథం దేశ్‌ముఖ్‌లు, వెట్టి, భూమి అనే మాటలతో మొదలై వాటి చుట్టూనే తిరుగుతుంది. నిర్మాణం కోసం వెతికినవారికి నిర్మాణం, సంఘర్షణ కోసం వెతికినవారికి సంఘర్షణ దొరకడంలో ఎవరి నిజాయితీకీ లోటు లేదు. ఆ కాలపు తెలంగాణను అర్థం చేసుకోవాలనుకునేవారు మాత్రం రెండూ చదవక తప్పదు.

ఎవరికి నచ్చింది వారు చూస్తారు, కాబట్టి సమాజశాస్త్రంలో సత్యమే లేదని దీని నుంచి తేల్చడం తొందరపాటు. మెక్సికోలోని తెపోస్త్‌లాన్ గ్రామం విషయంలో జరిగిన చర్చ ఇందుకు సమాధానం. రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ 1926–27లో అక్కడ ఉండి, 1930లో ప్రచురించిన పుస్తకంలో ఒద్దికగా, తృప్తిగా బతికే ఊరిని చిత్రించారు. 1943లో అదే ఊరికి వెళ్లిన ఆస్కార్ లూయిస్ 1951లో ప్రచురించిన పునరధ్యయనంలో పేదరికం, భూమి తగాదాలు, అసూయ, భయం నిండిన ఊరిని చూపించి, మధ్యలో గడిచిన ఏళ్లే ఈ తేడాకు కారణమని సరిపెట్టుకోలేమన్నారు. రెడ్‌ఫీల్డ్ 1955లో ఇచ్చిన సమాధానంలో పెద్దమనసు ఉంది: తన పుస్తకం వెనుక ఈ మనుషులు దేనితో ఆనందిస్తున్నారన్న ప్రశ్న, లూయిస్ పుస్తకం వెనుక వీరు దేనివల్ల బాధపడుతున్నారన్న ప్రశ్న ఉన్నాయని ఆయన విడమరిచారు. ప్రశ్నలు బయటపడ్డాక పాఠకుడు రెండు పుస్తకాలనూ తూచగలడు. ఏది వదిలేశారో, ఎందుకు వదిలేశారో అడగగలడు. ఎటు చూడాలో ప్రశ్న నిర్ణయిస్తుంది గాని, అటు చూసినప్పుడు ఎదురయ్యేదంతా ప్రశ్న చేతిలో ఉండదు. సిర్కందాలో జంతుబలి జరిగేది. ఎవరు అడిగినా, ఎవరూ అడగకపోయినా జరిగేది.

అంకెలకు ఈ చిక్కు లేదని నమ్మేవారు చాలామంది. ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమైపోతోందా అన్న ప్రశ్ననే తీసుకుంటే, జనగణన కుటుంబాన్ని ఒకే వంటగది లెక్కన గుర్తిస్తుంది కాబట్టి, అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టిన మరుక్షణం లెక్కలో రెండు చిన్న కుటుంబాలు పుడతాయి. గుజరాత్‌లోని మహువా పట్టణంలో 1950లలో అధ్యయనం చేసిన ఐ.పి. దేశాయ్, పొయ్యి ఒక్కటే కొలత కాదనీ, ఆస్తి ఉమ్మడిగా ఉందా, పెళ్లికీ చావుకీ అప్పుకీ ఒకరికొకరు నిలబడుతున్నారా అన్నవి కూడా చూడాలనీ వాదించి, వేర్వేరు ఇళ్లలో వండుకుంటున్నవారి మధ్య కూడా ఉమ్మడితనం ఎంతగా మిగిలి ఉందో చూపించారు. కుటుంబం కూలిపోయిందా లేదా అన్నది తేలకముందే, కుటుంబమంటే ఏమిటన్నది లెక్కల పత్రం తయారుచేసినవారి బల్ల మీద తేలిపోయి ఉంటుంది.

స్త్రీల పనిని లెక్కించే తీరూ ఇలాంటిదే. జాతీయ నమూనా సర్వేలో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీకి 92వ సంకేతం, ఇంటిపనితో పాటు ఇంటి అవసరాలకు కట్టెలు, పశుగ్రాసం తెచ్చుకుంటూ కుట్టుపని వంటివి చేసే స్త్రీకి 93వ సంకేతం ఇస్తారు; రెండూ శ్రామికశక్తి లెక్కకు వెలుపలే ఉంటాయి. ఇంకా బాధాకరమైన ఉదాహరణ రైతుల ఆత్మహత్యలది. జాతీయ నేర నమోదు సంస్థ 2013కు వ్యవసాయంలో స్వయం ఉపాధి పొందుతున్నవారి ఆత్మహత్యలు 11,772 అని చెప్పింది. మరుసటి ఏడాది నివేదికలో సాగుదారులనూ వ్యవసాయ కూలీలనూ వేరు చేయగా, సాగుదారులు 5,650, కూలీలు 6,710 అయ్యారు. రైతుల వరుసను మాత్రమే చదివినవారికి ఒక్క ఏడాదిలో ఆత్మహత్యలు సగానికి తగ్గినట్లు కనిపించింది. భూమి పట్టా ఎవరి పేరున ఉందో వారే రైతు అన్న పూర్వభావన నాటుకుపోయిన చోట, కౌలుకు తీసుకుని సాగుచేసినవాడూ, భర్త పేరున ఉన్న పొలంలో బతుకంతా పనిచేసిన స్త్రీ కూడా రైతులుగా లెక్కకు రావడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కౌలు సాగు ఎంతగా వ్యాపించిందో తెలిసినవారికి ఈ లోపం ఎవరి ఇళ్లను చీకట్లో వదిలేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ అనుభవాల నుంచి క్షేత్ర పరిశోధకులు కొన్ని పద్ధతులను రూపొందించుకున్నారు. ఒకే ఊరికి వేర్వేరు కులాల, వేర్వేరు లింగాల పరిశోధకులను పంపడం, పాత అధ్యయనం జరిగిన చోటికే తిరిగి వెళ్లడం, తన వివరణకు అడ్డుపడే సంఘటనలను ఏరి మరీ రాసుకోవడం, ఆచారం ఏమిటని అడగడంతో ఆగకుండా ఒక తగాదా మొదలైనప్పటి నుంచి తీర్పు దాకా ఎవరు ఏమన్నారో వెంటపడి నమోదు చేయడం వాటిలో ముఖ్యమైనవి. చివరిది అన్నిటికంటే బలమైనది, ఎందుకంటే తగాదాలో ప్రతి పక్షమూ ఎదుటి పక్షం దాచినదాన్ని బయటపెడుతుంది.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సమర్పించే సిద్ధాంత వ్యాసాలలో పరిశోధన పద్ధతి అధ్యాయం తరచుగా నమూనా పరిమాణం, ప్రశ్నావళి, గణాంక పరీక్షల జాబితాతో ముగిసిపోతుంది. ఊళ్లోకి తీసుకెళ్లింది ఎవరు, బస ఎక్కడ, మాట్లాడినప్పుడు పక్కన ఎవరున్నారు, పరిశోధకుడి కులం, లింగం అక్కడివారికి ఎలా కనిపించాయి, ఏ వాడకు వెళ్లలేకపోయారు అన్నవి రాయడానికి నాలుగైదు పేజీలు చాలు. పర్యవేక్షకులు ఆ పేజీలను అడిగి రాయించుకోవాలి. ప్రశ్నావళిని అనుబంధంలో పూర్తిగా ముద్రించమని పట్టుబట్టాలి. కౌలు రైతుల మీద, పొలంలో పనిచేసే స్త్రీల మీద ఇకముందు జరిగే ప్రతి సర్వేలోనూ పట్టా ఎవరిదని అడిగే ముందు నాగలి ఎవరిది, నాట్లు ఎవరివి, అప్పు ఎవరిది అని అడిగేలా ప్రశ్నల వరుసను ఇప్పుడే మార్చుకోవాలి.