మిగిలి చెప్పినవారు: 'టైటానిక్' చిత్రము, మూసీ వరద

జలవిపత్తు ఇతివృత్తముగా గల కథను చదువునపుడును, అట్టి చిత్రమును జూచునపుడును మన దృష్టి సహజముగా మునిగినవారిపై నిలుచును. కన్నీరు వారికే చెల్లును. అయితే కథ చెప్పినవారు మునిగినవారు కారు. ఎవరో యొకరు మిగిలిరి; వారు చెప్పిరి; మనము వింటిమి. మిగిలినవా రెవరు? వారు ఎవరి పేరు చెప్పిరి, ఎవరి పేరు విడిచిరి? ఈ ప్రశ్నల వెంట పోయినచో ఆ సంఘములోని అంతస్తులును, స్త్రీపురుషుల కట్టుబాట్లును వాటంతట నవియే బయటపడునని నా యభిప్రాయము. 1997లో జేమ్స్ కామెరాన్ దర్శకత్వమున వెలువడిన 'టైటానిక్' చిత్రమును ఈ దృష్టితో పరిశీలించి, పిమ్మట అదే ప్రశ్నను మన హైదరాబాదు పాతనగరపు విపత్తు, అనగా 1908 నాటి మూసీ వరద, ముందుంచెదను. ఆ వరదకును ఈ ఓడ మునుగుటకును నడుమ నాలుగేండ్లు కూడ నిండలేదు. ఒకటి మహాసముద్రమున జరిగినది, ఒకటి మన నయాపూలు క్రింద. పోలిక దూరపుదిగా తోచవచ్చును. తుదిదాక చదివి తీర్పు చెప్పవలసినదిగా మిత్రులను కోరుచున్నాను.

మొదట చరిత్ర. టైటానిక్ ఓడ 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి మంచుకొండను ఢీకొని, మరునాడు తెల్లవారక మునుపే మునిగిపోయెను. ఓడలోని సుమారు 2,200 మందిలో ఇంచుమించు 1,500 మంది మరణించిరి. రక్షణపడవలు 20, వానిలో పట్టువారు 1,178 మంది. స్త్రీలును పిల్లలును ముందెక్కవలెనను సూత్రమును బట్టి పడవలు నిండెనని లోకప్రసిద్ధి. ఆ సూత్రమెంతవరకు నడచినదో బ్రిటిషు ప్రభుత్వము నియమించిన మెర్సీ ప్రభువు విచారణ నివేదికలోని పట్టికయే చెప్పుచున్నది. మొదటి తరగతి స్త్రీలు 144 మందిలో 140 మంది బ్రతికిరి. మూడవ తరగతి స్త్రీలు 165 మందిలో 76 మంది మాత్రమే బ్రతికిరి. మొదటి తరగతి పురుషులు 175 మందిలో 57 మంది; మూడవ తరగతి పిల్లలు 79 మందిలో 27 మంది. ఈ తుది రెండు లెక్కలను ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెను. రెండును ఇంచుమించు మూడింట నొకవంతు. మొదటి తరగతి మగవానికిని, మూడవ తరగతి పసిబిడ్డకును బ్రతుకు అవకాశము సమానమైనది! సూత్రము స్త్రీపురుషభేదమును బట్టి చెప్పబడినది. ఆచరణలో తరగతిభేదము దానిని సగము మ్రింగినది.

ఇంకొక చిత్రమును ఆ పట్టికయందే కలదు. రెండవ తరగతి పురుషులు 168 మందిలో బ్రతికినవారు 14 మందే. మూడవ తరగతి పురుషులకంటెను వీరి గతి అధమము. పైవారి పలుకుబడి లేక, క్రిందివారి తెగింపు లేక, సూత్రమును నమ్మి నిలిచిపోయినవారు మధ్యతరగతివారు కాబోలు! ఉపాధ్యాయవృత్తిలోనున్న నాకు ఈ సంఖ్యను జూచిన ప్రతిసారియు మనసు చివుక్కుమనును.

మూడవ తరగతివారిపట్ల అన్యాయము జరుగలేదని మెర్సీ నివేదిక తీర్మానించినది. కాని ఆ విచారణకు మూడవ తరగతి ప్రయాణికులలో ఒక్కరిని కూడ సాక్షిగా పిలువలేదు. అమెరికా సెనేటు విచారణ ముగ్గురిని పిలిచినది. వారిలో డేనియల్ బక్లీ యను ఐర్లండు యువకుడు రెండు సంగతులు చెప్పెను. మూడవ తరగతివారు పైకి వచ్చు దారిలో ఒక గేటుకు తాళము వేయబడగా, ఒకడు దానిని విరుగగొట్టెనట. ఇది మొదటిది. ఇక తాను పడవలో చేరి యేడ్చుచుండగా ఒక స్త్రీ తన శాలువను అతనిపై కప్పి దాచెనట. పేదవాడైన మగవాడు ఆడుముసుగులో బ్రతికెను. స్త్రీపురుషధర్మములను గూర్చియు తరగతులను గూర్చియు ఎన్ని గ్రంథములు వ్రాసినను ఈ శాలువ చెప్పినంత చెప్పుట కష్టము. ఈ సాక్ష్యమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని కలదు.

ఇక చిత్రము. కథ సర్వులకు దెలిసినదే. రోజ్ అను పదునేడేండ్ల కన్య మొదటి తరగతి యువతి. ఆమెకు కాల్ హాక్లీ యను ధనవంతునితో వివాహము నిశ్చయమైనది. జూదములో టికెట్టు గెలుచుకొని ఓడ యెక్కిన జాక్ డాసన్ మూడవ తరగతివాడు. ప్రేమ, విపత్తు, మరణము. ఓడ రెండుగా చీలు ఘట్టముకంటె నాకు ముఖ్యముగా తోచినది ఒక గదిలో జరుగు చిన్న ఘట్టము. దాసి ట్రూడీ రోజ్ నడుమునకు కార్సెట్టు త్రాళ్ళు బిగించుచుండును. తల్లి రూత్ వచ్చి, దాసిని టీ తెమ్మని పంపివేసి, ఆ త్రాళ్ళను తానే చేతికి దీసికొని బిగించుచు కూతురికి బుద్ధి చెప్పును. తండ్రి అప్పులు మిగిల్చి పోయెను. ఈ పెండ్లి తప్పినచో తాను కుట్టుపనిచేసి బ్రతుకవలసివచ్చునని ఆమె భయము. స్త్రీని బంధించు త్రాడు స్త్రీ చేతనే బిగింపబడుట యిందలి మొదటి యర్థము. దీనిని అందరును గుర్తించిరి. రెండవ యర్థము ఇంతకంటె లోతైనది. పనిచేసి బ్రతుకుట మరణమువంటిదని తల్లి చెప్పుచున్న వేళ, పనిచేసి బ్రతుకు స్త్రీ అంతకుముందే గది వెలుపలికి పంపబడినది. ఆమె యుండగా ఆ మాట చెప్పుటకు వీలులేదు. ఆమె విన్నచో ఆ భయమే నవ్వుపాలగును. కన్యాశుల్కము రెండవ కూర్పు వెలువడినది 1909లో, అనగా సరిగా ఆ కాలముననే. అందు తండ్రి యమ్మును, ఇందు తల్లి యమ్మును. ఇందు రొక్కమునకు మారుగా మర్యాద చేతులు మారును. ఈ బేరము మనకు క్రొత్తది కాదు.

ఇంత సూక్ష్మమైన దృష్టి గల దర్శకుడు ఆ ట్రూడీని పిమ్మట నేమి చేసెను? ఓడ వాలినపుడు ఆమె జారిపోయి మరణించును. ఆ దృశ్యము కనుమూసి తెరచునంతలో ముగియును. చరిత్రను జూతము: మరణించిన మొదటి తరగతి స్త్రీలు నలుగురు, వారిలో దాసి యెవరును లేరు. భర్తను విడువనని నిలిచిన ఐడా స్ట్రౌస్ తన దాసి ఎలెన్ బర్డ్‌ను పడవ యెక్కించి, తన బొచ్చుకోటును ఆమె కిచ్చినది. చరిత్ర బ్రతికించిన దాసిని చిత్రము చంపినది. కల్పన చరిత్రను దాటరాదని నేననను. అయితే పేదస్త్రీ మరణము కథకు అవసరమని తోచి ఆమెను చంపినవాడు, ఆ మరణమునకు మూడుక్షణములైనను కేటాయింపవలదా? మూడవ తరగతి గదిలో పిల్లలను పరుండబెట్టి కథ చెప్పుచు మరణమునకు సిద్ధమగు ఐర్లండు తల్లికి చిత్రమున పేరు కూడ వినరాదు. ఆమె కరుణరసమునకు ఆలంబనము మాత్రమే, పాత్ర కాలేదు.

ఐడా స్ట్రౌసును గూర్చి ఒకమాట. మన పాఠకులు ఆమెను వెంటనే పతివ్రతల పంక్తిలో కూర్చుండబెట్టుదురు. ఆ తొందర కూడదు. ఆమె స్థలము చేతికందియు వదలుకొన్న స్త్రీ. మూడవ తరగతిలో భర్తతో మునిగిన స్త్రీలలో అనేకులకు వదలుకొనుటకు స్థలమే లేకుండెను. త్యాగము చేయుటకును తరగతి కావలెను.

జాక్ మరణమును గూర్చి లోకమున వింతచర్చ జరిగినది. ఆ తేలు చెక్కపై ఇద్దరు పట్టియుందురా, పట్టరా? ఇది వడ్రంగులు తేల్చవలసిన సంగతి. కథానిర్మాణము అతని మరణమును ముందే కోరినది. అతడు బ్రతికినచో రోజ్ ఒక పేదవాని భార్యగా కుట్టుపనిచేసి బ్రతుకవలెను. అనగా తల్లి భయము నిజము కావలెను. దర్శకుడు దానిని చూపుటకు సాహసింపలేదు. అతడు చనిపోవుటచే ఆమెకు స్వాతంత్ర్యమును, మనకు కన్నీరును దక్కినవి. తమను రక్షించిన ఓడలో ఆమె కాల్ కంటబడకుండ దుప్పటి కప్పుకొని మూడవ తరగతివారి నడుమ దాగుకొనును. బక్లీ శాలువకు ఇది తలక్రిందుల ప్రతిబింబము. అతడు స్త్రీ వేషమున బ్రతికెను, ఆమె పేద వేషమున విముక్తి నందెను. పేరడిగిన యధికారికి ఆమె చెప్పు పేరు రోజ్ డాసన్. తల్లి కోరిన ఇంటిపేరును కాదని, మరణించినవాని ఇంటిపేరు తాల్చినది. స్వేచ్ఛకు కూడ మగవాని ఇంటిపేరే కావలసివచ్చెను!

అయినను ఈ చిత్రమున నొక గొప్పతనమును ఒప్పుకొనవలెను. జాక్ డాసన్ పేరు ఏ పత్రమునందును దొరకలేదని శోధకులు చెప్పినపుడు, దొరకదని వృద్ధురాలు రోజ్ ప్రశాంతముగా ఒప్పుకొనును. అతడు ఆమె జ్ఞాపకమున తప్ప మరెక్కడను లేడు. నిరుపేదవాని ఉనికికి ఏకైక ఆధారము ఒక స్త్రీ స్మృతి. 1953లో వచ్చిన 'టైటానిక్' చిత్రము ఒక ధనికకుటుంబపు కలహముచుట్టు తిరిగినది. 1958 నాటి 'ఎ నైట్ టు రిమెంబర్' చరిత్రకు మిక్కిలి దగ్గరగా నడచినను, అందు కన్ను ఓడ యధికారిది. ఇట్లు ఒక స్త్రీ కంఠమునకు కథనాధికార మంతయు నిచ్చుట ఆ రెంటను లేదు.

ఇపుడు మూసీయొడ్డునకు వత్తము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ గట్లు త్రెంచుకొని నగరముమీద పడెను. వంతెనలు దెబ్బతినగా 1578 నాటి పురానాపూలు నిలిచెను. మరణించినవారు సుమారు 15,000 మంది యనియు, కూలిన యిండ్లు 19,000 అనియు చరిత్రగ్రంథములు చెప్పును. ఈ సంఖ్యల ఆకారమును గమనింపుడు. అచ్చట 144లో 140. ఇచ్చట వేలకు వేలు, గుండుగుత్తగా. మునిగినవారిలో స్త్రీలెందరు, కూలివారెందరు, దేవిడీలవారెందరు అని విడదీసిన పట్టిక ఆ గుండుసంఖ్యలో లేదు. టికెట్టు కొన్నవానికి లెక్క కలదు. ఇల్లు కట్టుకొన్నవానికి లేదు.

పట్టిక లేనిచోట తర్కము నాశ్రయింపవలెను. ఓడలో అంతస్తు పెరిగినకొలది స్త్రీ రక్షణపడవకు దగ్గరగును. పాతనగరములో నాడు అంతస్తు పెరిగినకొలది స్త్రీ వీథికి దూరమగుచుండెను. ఘోషా పాటించు కుటుంబమున ఆమె స్థానము ఇంటికి లోపలిభాగము. నీటి కేక వినబడిన వేళ పరపురుషులున్న వీథిలోనికి పరుగెత్తుటకు ఆమె ముందు దాటవలసినది తన కట్టుబాటు. కూలిస్త్రీకి ఆ యడ్డు లేదు. కాని ఆమె మట్టిగోడ ముందుగా కరగును. ఒకరికి గోడ నిలిచియు చేటు, ఒకరికి గోడ కూలియు చేటు. పాశ్చాత్యవిమర్శకులు టైటానిక్‌నుండి గ్రహించు సూత్రము, అనగా పైతరగతి స్త్రీకి రక్షణ యెక్కువ యనునది, ఇచ్చట యథాతథముగా పొసగదు. మన పరిశోధక విద్యార్థులు పరసిద్ధాంతములను దిగుమతి చేసికొనునపుడు ఈ భేదమును గమనింపవలెనని మనవి.

మూసీ వరదను చెప్పినవారిలో ప్రముఖుడు ఉర్దూకవి అంజద్ హైదరాబాదీ. రుబాయీలకు ప్రఖ్యాతుడై 1961లో కీర్తిశేషుడైన ఈ మహాకవి, ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. 'ఖయామతె సుగ్రా', అనగా చిన్నప్రళయము, అను కావ్యమున ఆ దుఃఖమును వెలిబుచ్చెను. తెలుగుశాఖలలో ఈ కావ్యమును పట్టించుకొన్నవారు తక్కువ. ఒకే నగరపు రెండు భాషల నడుమ మూసీకంటె వెడల్పైన నది పారుచున్నది. కామెరాన్ చిత్రమున స్త్రీ మిగిలి మగవానిని చెప్పెను. ఇచ్చట మగవాడు మిగిలి ముగ్గురు స్త్రీలను చెప్పెను. ఆ ముగ్గురును లోకమునకు తల్లి, భార్య, కూతురు అను సంబంధములతోనే తెలియుదురు. ఇది కవి దోషము గాదు. ఆ దుఃఖము లేనిచో వారు ఆ గుండుసంఖ్యలో కలసిపోయి యుందురు. అయినను వారి చావు మనకు అతని లోటుగా మాత్రమే అందినది, జాక్ చావు రోజ్ లోటుగా అందినట్లు.

ఇతర స్మృతులును కలవు. నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ మూసీ ఒడ్డున నిలిచి నదికి చీరయు కానుకలును సమర్పించి శాంతింపజేసెనని జనశ్రుతి. నది యాడది, అలిగినది, చీర పెట్టి బుజ్జగింపవలెను. ఇంగ్లీషువారు ఓడను స్త్రీలింగమున పిలుతురు గదా! విపత్తును తెచ్చినదియు స్త్రీయే, మునిగినదియు స్త్రీయే, చక్కబెట్టువాడు ప్రభువు. వరదసహాయమునకై పాటుపడిన సరోజినీదేవికి 1911లో కైజరిహింద్ పతకము లభించెను. జలియన్‌వాలాబాగు ఘోరము పిమ్మట ఆమె దానిని తిరిగి యిచ్చివేసెను. ఉన్నతకుటుంబపు స్త్రీ దాతగా చరిత్రకెక్కినది. గంజికేంద్రములవద్ద చేయి చాచిన స్త్రీ యెక్కలేదు. 1909లో విశ్వేశ్వరయ్య వచ్చుట, 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియగుట పాఠ్యగ్రంథములలో కలవు.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుమాట మిగిలినది. దాని కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టునకు మొదటి తరగతి కొమ్మయు మూడవ తరగతి కొమ్మయు లేవు. ఘోషాకు చోటు లేదు. ఎవరి చీరకొంగు ఎవరికి త్రాడైనదో, ఏ నవాబు ఏ కూలిదాని భుజము పట్టుకొనెనో ఊహింపవలసినదే. సెప్టెంబరు 28 వచ్చినపుడు కొందరు అచ్చట చేరి ఆనాటి మృతులను స్మరింతురు. మూసీ వరదకు చిత్రరూపము నీయదలచినవారు ముందు తేల్చుకొనవలసిన దొకటే: ఆ 150 మందిలో కథ చెప్పుటకు చెట్టు దిగువారెవరు? కవి కథ మనకు కలదు, ప్రభువు కథ కలదు. టీ తెచ్చుటకు వెళ్ళిన ట్రూడీ ఇంకను గదిలోనికి తిరిగి రాలేదు.