తట్టు, తిప్పు

చిన్న గెలుపా, నీకు దండం. నాందేడ్‌లో ఇంకా పూర్తిగా తెల్లారని వేళ, గోదావరి గాలి వంటింటి కిటికీ తడుతుంటే, పెనం మీద జొన్నరొట్టె పొంగుతుంది చూడు, అప్పుడొస్తావు నువ్వు.

నేను అన్నం తిని పెరిగినదాన్ని. ఈ ఊరికి కోడలిగా వచ్చేదాకా జొన్నపిండి ముట్టి ఎరగను. మొదటి రొట్టె అంచులు బీటలు వారాయి. రెండోది చేతిలోనే విరిగింది. పక్కింటి అక్కది ఈ జిల్లాలోనే బిలోలి. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఎల్లలు మారినా వాళ్లింట్లో తెలుగు మారలేదు. నా పిండి చూసి, "నీళ్లు మసలనియ్యి చెల్లె, సల్లటి నీళ్లకు జొన్న లొంగది" అంది. గోధుమకున్న జిగురు జొన్నకు లేదు. మసిలే నీళ్లు పడితేనే పిండి ఒకటిగా పట్టుకుంటుంది. వేళ్లు కాలుతున్నా అరచేత్తో అదిమి అదిమి పిసకాలి. పొడిపిండి చల్లుకుని తట్టాలి, తిప్పాలి. తట్టు, తిప్పు. తట్టు, తిప్పు.

సాయంత్రం పాఠంలోనూ అవే మాటలు. నలభై దాటాక సంగీతానికి కూర్చున్నాను. ఆది తాళం: ఒక తట్టు, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆ పైన తట్టు, తిప్పు, తట్టు, తిప్పు. పురందరదాసు కూర్చాడని చెప్పే సరళీ వరసలు మొదటి కాలంలో బాగానే నడిచేవి. రెండో కాలం రాగానే నోరు పరుగెత్తేది, చెయ్యి వెనకబడేది. ఆ వరసల రాగం మాయామాళవగౌళలో రిషభం షడ్జమాన్ని ఆనుకునే ఉంటుంది. అక్కడే నా గొంతు జారేది. నెలల తరబడి జారింది. ఒక సాయంత్రం నిలిచింది. శ్రుతిలో కలిసిపోయి, నా గొంతు నాకే విడిగా వినబడలేదు. పైన ధైవతం కూడా పంచమాన్ని అలాగే ఆనుకుని ఉంటుంది. కింద నేర్చిన అడుగే పైన. ఒక గెలుపు చేతికిస్తూ రెండోదాన్ని కొంగున ముడేశావు, తల్లీ!

పాటనీ రొట్టెనీ ఒకే చోట కూర్చోబెట్టిన ఊరిది. 1708లో ఇక్కడే గురు గోవింద్ సింగ్ తన తర్వాత గ్రంథమే గురువని చెప్పి వెళ్లారు. ఆ గ్రంథంలో పదాలు చాలావరకు రాగాల పేర్ల కిందే ఉంటాయి. హజూర్ సాహిబ్ గురుద్వారాలో ఒక పక్క కీర్తన సాగుతుంటే ఇంకో పక్క లంగర్ వంటశాలలో రొట్టెలు కాలుతుంటాయి. ఒకరోజు నేనూ వెళ్లి పిండి దగ్గర కూర్చున్నాను. నా రొట్టె వంకరగా వచ్చింది. పక్కనున్న పంజాబీ పెద్దావిడ దాన్ని తీసి పారేయలేదు, అందరి రొట్టెలతోపాటే పెనం మీద వేసింది. ఎవరు తిన్నారో! ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

నిన్న పొద్దున రొట్టె తడుతున్నాను. నోట్లో రెండో కాలం. చెయ్యి ఎప్పుడు అందుకుందో, వరస తప్పకుండా దానితోనే నడుస్తోంది. రొట్టెను పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసి, ఆరాక తిరగేశాను. నిండుగా పొంగింది.

"పొంగిందా చెల్లె?" గోడవతల నుంచి అక్క.

వరస ఇంకా పూర్తి కాలేదు. పాడుతూనే రొట్టె తీసి గోడ మీదుగా అందించాను.