గౌరన హరిశ్చంద్రుఁడు: సత్యమా, సత్యకీర్తియా?

పదునైదవ శతాబ్దివాఁడగు గౌరనమంత్రి ద్విపదలో రచించిన హరిశ్చంద్రోపాఖ్యానము రాచకొండ పద్మనాయకుల కాలమునకుఁ జెందిన గ్రంథము. గౌరన వంశమువాఁడగు పోతరాజు రాచకొండ మాధవనాయకునికి మంత్రి. ఆ దుర్గము పూర్వపు నల్లగొండ జిల్లాలోనిది. 2016లో జరిగిన విభజనము పిమ్మట యాదాద్రి భువనగిరి జిల్లాలోఁ జేరినది. ఆ రాజ్యము నేలిన సింగభూపాలుఁడు సర్వజ్ఞ బిరుదమును వహించి, రసార్ణవసుధాకర మను లక్షణగ్రంథమునకుఁ గర్తయని ప్రసిద్ధి గాంచెను. ఆ కర్తృత్వమును శంకించినవారును గలరు. ఆస్థానపండితుఁడగు విశ్వేశ్వరుఁడు ప్రభుస్తుతిపరములగు నుదాహరణములతోఁ జమత్కారచంద్రికను రచించుట మాత్రము నిర్వివాదము. రాజులు పండితబిరుదములను, పండితులు రాజాదరమును గోరుచుండిన యట్టి చోట, రాజ్యమునే గాక తుదకుఁ దన పేరును సైతము గోల్పోయిన రాజు కథ వెలయుట గమనింపఁదగిన విషయము.

ఈ కథపై నొక యాక్షేపము గలదు. హరిశ్చంద్రుఁడు ప్రేమించినది సత్యమునా, సత్యసంధుఁడను ఖ్యాతినా? ఖ్యాతినే యైనచో, దానికొఱకు నాలిని బిడ్డను విక్రయించుట ధర్మము గాదు, మహాస్వార్థమగును. రాజ్యకాంక్షకంటెఁ గీర్తికాంక్ష మేలైన దని చెప్పుటకుఁ బ్రమాణము లేదు. ఈ ప్రశ్నను బాఠశాలలో విద్యార్థి యడిగినపుడు కథను మరల నప్పగించుట సమాధానము గాఁజాలదు.

మొదట శబ్దమును విచారింతము. హరి చంద్ర శబ్దములు కలియునపుడు నడుమ వచ్చు సుడాగమమును బాణిని ఋషి యను నర్థమునందే నిపాతించెను. అన్యుఁడైనచో శకారము లేని హరిచంద్రుఁడే యగును. మన కథానాయకుఁడు రాజు. రాజర్షి గనుక దోషము లేదని సమాధానము చెప్పవచ్చును. కాని యారాజు ఋషి యెప్పు డయ్యెను? సింహాసనముపైనా, శ్మశానమునందా? వ్యాకరణ మింతవఱకే తెచ్చి విడిచినది. మిగిలినదానిని గావ్యము చెప్పవలెను.

ఐతరేయబ్రాహ్మణమున నున్న హరిశ్చంద్రుఁడు సత్యసంధుఁడు గాఁడు. పుత్రునిఁ గోరి, పుట్టినవానిని వరుణున కర్పింతునని ప్రతిజ్ఞ చేసి, పిదప దంతములు రావలె నని, కవచధారణమునకుఁ దగినవాఁడు గావలె నని గడువులు పెంచి, తుదకుఁ బరుని కుమారుఁడగు శునశ్శేపుని బలి యియ్యఁబూనెను. పురాణములలో నీరాజే మాటకు మాఱుపేరయ్యెను. కాఁబట్టి సత్యము హరిశ్చంద్రునికి జన్మసిద్ధమగు గుణము గాదు. అది కవులు కథలో సాధింపవలసిన విషయము.

గౌరన దానిని సాధించిన తీరు పరిశీలింపుఁడు. కథ దేవసభలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతముతోఁ బుట్టినది. ఇం దాశాపరుఁడు విశ్వామిత్రుఁడే. అసత్యము నింద్యమని యెఱిఁగియుఁ దన పంతము నెగ్గుటకై యొకనిచే నసత్యము పలికింపఁజూచువాఁడు తపస్వియైనను గీర్తికి దాసుఁడే. మాతంగకన్యల నిరాకరించి రాజ్యమును ధారవోయునపు డారాజునకు సభ సాక్షి. అక్కడఁ జేసిన త్యాగమునకుఁ గీర్తి వెంటనే లభించును. కావున నది పరీక్షలలోఁ జులుకనిది. పిదప ఋణముకొఱకు నక్షత్రకుఁడు వెంటఁబడును. అప్పులవాఁడు విడువక వేధించినచో నక్షత్రకుఁ డనుట నేఁటికిని దెలుఁగువారి వాడుక. ఇక్కడ సభ లేదు. దారియు, నలసటయు, నొక్క సాక్షియు మాత్రమే. కాశిలో నాలుబిడ్డలను గాలకౌశికున కమ్మి, తాను వీరబాహునికి దాసుఁడైన పిమ్మట నాసాక్షియు లేఁడు. శ్మశానమున నడురేయి మృతబాలునితో వచ్చిన యాలిని సుంక మడుగునపుడు, దానిని విడిచిపుచ్చినను నెఱుఁగువాఁడు లేఁడు. కాటిసుంకము యజమానుని సొత్తు గావున విడువలేదు. ఆపై నామె తల నఱకవలసిన యాజ్ఞయు నాతనికే వచ్చినది.

కీర్తికాంక్షకుఁ జూచువారు కావలెను. చూచువారి నొక్కొక్కరినే తొలఁగించి, పేరును గులమును గూడఁ దీసివైచి, అప్పుడును మాట నిలిచినదా యని చూపుటయే యీకథాక్రమము. శకారము న్యాయముగా సిద్ధించినది కాటికాపరి హరిశ్చంద్రునియందే యని నా యభిప్రాయము.

ఈ సంవిధానగౌరవము నంతయు గౌరనకే కట్టిపెట్టరాదు. వీరబాహుఁడును, నక్షత్రకుఁడును గౌరనకుఁ బూర్వమే కన్నడమున రాఘవాంకుని కావ్యమునఁ గాన్పింతురు. గౌరన చేసిన మేలు, పండితులు చిన్నచూపు చూచిన ద్విపదలో నీకథను బాడుటకు ననువుగా నిల్పుట. సంస్కృతమున లక్షణదీపికను రచించినవాఁడే ద్విపద నాశ్రయించుట శక్తి లేక గాదు. నవనాథచరిత్రమును గూడ నాతఁడు శ్రీశైల మఠాధిపతి శాంతభిక్షావృత్తి యానతిచే ద్విపదగానే రచించి మల్లికార్జునున కంకితము చేసెను.

ఇంత చెప్పినను రెండు లోపములు మిగులును. మొదటిది, కథాంతమునఁ బోయినదెల్ల మరల వచ్చుట. రాజ్యముతోఁ గీర్తియు ద్విగుణమై వచ్చుటచే, సత్యము లాభకరమగు వ్యాపార మని బాలురు తలఁచు నవకాశము గలదు. రెండవది యింతకంటె గురుతరము. మార్కండేయపురాణమున భార్య తన్ను విక్రయింపుమని తానే చెప్పును. ఆమె త్యాగ మామెది. లోహితాస్యుని సమ్మతి నెవ్వరడిగిరి? తండ్రి మాటకు బాలుఁడు వెల చెల్లించెను. ఐతరేయమున శునశ్శేపుఁడు పడిన దుఃఖమే యిక్కడ లోహితాస్యుని పాలయ్యెను. కీర్తికాంక్ష యను నపవాదమునుండి గౌరన కావ్యము హరిశ్చంద్రుని రక్షించినది గాని యీయపవాదమునుండి రక్షింపఁజాలదు.

కావున నీగ్రంథమును బోధించు పండితులు సత్యమహిమ నుగ్గడించుటతోఁ దృప్తి చెందక యీ రెండు ప్రశ్నలను విద్యార్థుల ముందుంచుట యుక్తము. మొదటిదానికిఁ గావ్యమునందే సమాధానము దొరకును. రెండవదానికి దొరకదని నిస్సంకోచముగాఁ జెప్పుట సత్యకథను బోధించువారికిఁ దగిన పని.