చీటీ తీయకముందే తేలే న్యాయం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంక్రాంతి వచ్చిందంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు ఉండాల్సిందే. హైదరాబాద్‌కో చెన్నైకో పనికి వెళ్లిన కుర్రాళ్లు ఊళ్లో ఉండేది ఆ నాలుగు రోజులే. ప్రైజు ఎంత, కప్పు ఎవరిచ్చారు అన్నవి ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో ఉంటాయి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలన్నది మాత్రం ముందురోజు రాత్రి హడావుడిగా తేలుస్తారు. నా లెక్కలో సగం పోటీ ఆ కాగితం మీదే జరిగిపోతుంది.

వ్యవధి లేదు కాబట్టి ఎక్కువమంది నాకౌట్‌కే మొగ్గుతారు. మ్యాచ్‌కో జట్టు ఇంటికెళ్తుంది కనుక 11 జట్లకు 10 మ్యాచులు చాలు. చిక్కల్లా బై దగ్గరే, అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళ్లే అవకాశం దగ్గరే. మొదట 5 మ్యాచులు ఆడించి ఒక జట్టుకు బై ఇస్తే 6 మిగులుతాయి, తర్వాత 3. ఆ మూడింటిలో ఒకటి సెమీస్ ఆడకుండానే ఫైనల్‌కు చేరుతుంది. ఇది అన్యాయం. 16కు తక్కువైన 5 బైలనూ మొదటి రౌండులోనే ఇచ్చేస్తే 8 జట్లు మిగులుతాయి. అక్కడి నుంచి బై అన్న మాటే రాదు.

అయినా ఒక్క మ్యాచ్ ఓడితే మళ్లీ ఏడాది ఆగాలి. వీలుంటే లీగే మేలు. ఆరు జట్లను తీసుకుందాం: శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి, బొబ్బిలి, రాజాం, సాలూరు. అందరూ అందరితో ఆడితే 15 మ్యాచులు. కబడ్డీ ఆట 40 నిమిషాలు. విరామం, జట్లు మారడం కలిపి గంట అనుకున్నా రెండు కోర్టులుంటే రెండు రోజుల్లో తీరికగా అయిపోతుంది.

వరస వేసే పద్ధతి పాతదే. పైన 1, 2, 3. వాటి కింద 6, 5, 4 రాయండి. పై జట్టు కింది జట్టుతో ఆడుతుంది. తర్వాత 1ని కదపకుండా మిగతా అయిదింటినీ గడియారం ముల్లు దిక్కున ఒక్కో చోటు జరపండి. 1-5, 6-4, 2-3 వస్తాయి. ఇలా అయిదు రౌండ్లు తిప్పితే ఏ జంటా రెండోసారి రాదు, ఏదీ తప్పిపోదు. జట్లు ఏడైతే ఎనిమిదో చోటు ఖాళీగా వదలాలి. దాని ఎదురుగా పడిన జట్టుకు ఆ పూట విశ్రాంతి, అందరికీ ఒక్కొక్కసారే.

ఇంత చక్కటి పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. 2వ నంబరు జట్టు రెండో రౌండులో 3తో, మూడో రౌండులో 6తో ఆడుతుంది. ఆ రెండూ అంతకుముందే 4తో ఆడి వచ్చినవి. 4 బలమైన జట్టయితే, అలసిపోయినవాళ్లు వరసగా రెండుసార్లు 2కే చిక్కుతారు. అందుకే నంబర్లు పెద్దల ఇష్టం మీద కాక చీటీల్లోనే రావాలి.

ఆఖరి రౌండు మీద మరింత కన్నుండాలి. 1982 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అల్జీరియా తన గ్రూపు ఆఖరి మ్యాచ్‌ను ముందురోజే ఆడేసింది. మర్నాడు అదే గ్రూపులోని పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమ ఇద్దరికీ సరిపోయే 1-0 దగ్గర ఆటను చల్లార్చేశాయి. ఇద్దరూ ముందుకెళ్లారు, అల్జీరియా ఇంటికెళ్లింది. 1986 నుంచి గ్రూపు ఆఖరి మ్యాచులు ఒకే వేళకు పెడుతున్నారు. రెండు కోర్టులున్న ఊరు కూడా, కనీసం ముందుకెళ్లే చోటు తేల్చే మ్యాచులను ఇలా పెట్టొచ్చు.

పెద్ద లీగుల్లోనూ పూర్తి సమానత దొరకదు. 2022లో పది జట్లయిన ఐపీఎల్ అందరినీ అందరితో రెండేసిసార్లు ఆడిస్తే 90 మ్యాచులు కావాలి. పెట్టింది 70. ఒక్కో జట్టు అయిదింటితో రెండుసార్లు, నాలుగింటితో ఒక్కసారే తలపడింది. ఒక్కో జట్టు 162 మ్యాచులాడే అమెరికా బేస్‌బాల్ లీగుకు హెన్రీ, హోలీ స్టీఫెన్‌సన్ అనే భార్యాభర్తలు 2004 దాకా రెండు దశాబ్దాలకు పైగా షెడ్యూలు వేశారు. అక్కడ జట్టు ఒక ఊరికి వెళ్తే సాధారణంగా వరసగా మూడు నాలుగు మ్యాచులు ఆడే కదులుతుంది. మనకూ అది పనికొస్తుంది. ఊరూరా తిరిగే లీగు పెడితే, టెక్కలి కుర్రాళ్లు ఒకే ప్రయాణంలో రాజాం, బొబ్బిలి, సాలూరు మ్యాచులు ముగించుకోవచ్చు. బస్సు చార్జీ కూడా న్యాయంలో భాగమే.

నిర్వాహకులకూ, పీఈటీ మాస్టార్లకూ నా మనవి ఒక్కటే. నంబర్లు మాత్రమే వేసిన ఫిక్చర్‌ను వారం ముందే పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. ఆ తర్వాతే, కెప్టెన్లందరి ఎదుట, ఒక చిన్నపిల్ల చేత చీటీలు తీయించండి.