నాణేల గ్రేడింగ్: అంకె రూపంలోని అభిప్రాయం

ఒక నాణెం అసలుదా, నకిలీదా అన్నది ఒక ప్రశ్న. అసలుదైతే ఎంత మంచి స్థితిలో ఉన్నదన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి లోహంలో, బరువులో, అచ్చు గుర్తుల్లో ఆధారాలు దొరుకుతాయి. రెండవదానికి సమాధానం చాలావరకు చూసేవారి తీర్పు మీద ఆధారపడుతుంది. అమెరికాలోని నాణెపు ధ్రువీకరణ సంస్థలు ఈ రెండు సమాధానాలనూ ఒకే చీటీ మీద ముద్రించి, ఒకే ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. గ్రేడింగ్ వివాదాలకు నిపుణుల అసమర్థతో, స్వార్థమో కారణమని సాధారణంగా చెబుతారు. స్వభావరీత్యా భిన్నమైన రెండు తీర్పులకు ఒకే స్థాయి ప్రామాణ్యం కల్పించడమే అసలు కారణమని ఈ వ్యాసం వాదిస్తుంది.

నేడు వాడుకలో ఉన్న 1 నుంచి 70 వరకు గల కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో ‘ఎర్లీ అమెరికన్ సెంట్స్’ గ్రంథంలో ప్రతిపాదించాడు. వృత్తిరీత్యా ఆయన మనస్తత్వవేత్త. 1794 నాటి రాగి సెంట్ల ధరలు ఆ కొలమానానికి ప్రాతిపదిక. గుర్తుపట్టడానికి మాత్రమే వీలయ్యేంతగా అరిగిన సెంటు ధర ఒక డాలరైతే, అత్యుత్తమ స్థితిలో ఉన్నది దానికి 70 రెట్లు పలకాలన్నది ఆ లెక్క. అంటే ఈ అంకె పుట్టుకతోనే ధరల గుణకం. కాలక్రమంలో ధరలు మారి సూత్రం చెల్లకుండా పోయింది, కానీ అంకెలు నిలిచిపోయాయి. పైగా వాటికి భౌతిక కొలత గౌరవం దక్కింది. (షెల్డన్ అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లను తీసుకుని, వాటి స్థానంలో తన నాసిరకం సెంట్లను ఉంచిన సంగతి ఆయన మరణానంతరం బయటపడింది. స్థితిభేదానికి ఎంత విలువ ఉందో ఆయనకు బాగా తెలుసు.)

1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ ఏర్పడకముందు పరిస్థితి ఇంతకంటే దుర్భరంగా ఉండేది. అమ్మేవాడే గ్రేడు నిర్ణయించేవాడు. కొనేటప్పుడు 60గా కనిపించిన నాణెం అమ్మేటప్పుడు 65 అయ్యేది. తటస్థ సంస్థలు ఈ మోసాన్ని చాలావరకు అరికట్టాయన్నది కాదనలేని మేలు. అయితే చలామణీ కాని నాణేలకు అంతకుముందు 60, 65, 70 వంటి కొద్ది మెట్లే ఉండగా, కొత్త సంస్థలు 60 నుంచి 70 వరకు పదకొండు మెట్లనూ వాడుకలోకి తెచ్చాయి. మెట్టు సన్నగిల్లిన కొద్దీ తీర్పులోని అనిశ్చితి మెట్టు వెడల్పును మించిపోతుంది. మోర్గన్ డాలర్లనే తీసుకుందాం. వాటిని వేయేసి చొప్పున సంచుల్లో తరలించడం వల్ల ఒకదానికొకటి తగిలి గాట్లు పడ్డాయి. లిబర్టీ ముఖం చెక్కిలి మీది గాటును గ్రేడరు తీవ్రంగా పరిగణిస్తాడు, జుట్టులో కలిసిపోయిన అంతే గాటును ఉపేక్షిస్తాడు. దానికి మెరుపు, అచ్చు స్పష్టత, ‘కంటికింపు’ తోడవుతాయి. ఇన్ని గుణాలను ఒక్క అంకెలోకి కుదించే సూత్రాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. రాయడం సాధ్యమూ కాదు.

దీని పర్యవసానం వ్యాపారులకు బాగా తెలుసు. 64 వచ్చిన నాణెపు పెట్టె పగలగొట్టి, అదే సంస్థకు మళ్లీ పంపుతారు. 65 వచ్చేదాకా పంపుతూనే ఉంటారు. పాత చీటీలు సంస్థకు తిరిగి చేరకపోతే ఒకే నాణెం సంస్థ జాబితాల్లో రెండు మూడు నాణేలుగా నమోదవుతుంది. అరుదైనతనానికి ఆ జాబితాలను సాక్ష్యంగా వాడే పరిశోధకులు ఈ సంగతి గమనించాలి.

1990లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, తన గ్రేడింగ్ నిష్పాక్షికమూ నిలకడైనదీ అన్న పీసీజీఎస్ ప్రచారం తప్పుదోవ పట్టించేదని ఆరోపించింది. ప్రకటనల్లో తగిన హెచ్చరికలు చేర్చడానికి సంస్థ అంగీకరించడంతో వివాదం పరిష్కారమైంది. ఆ రోజుల్లోనే కంప్యూటరుతో గ్రేడు నిర్ణయించే ప్రయత్నం జరిగింది గాని అది నిలవలేదు. 2007లో సీఏసీ అనే మరో సంస్థ వచ్చింది. గ్రేడు పొందిన నాణేలను తిరిగి పరిశీలించి, ఆ గ్రేడుకు నిజంగా తగినవాటికి ఆకుపచ్చ స్టిక్కరు అంటించడం దాని పని. పీసీజీఎస్ స్థాపకుల్లో ఒకరై, ఎన్‌జీసీని స్థాపించిన జాన్ అల్బనీస్‌యే దీనికీ స్థాపకుడు. తీర్పు మీద తీర్పు అవసరమైందంటే, మొదటి అంకె ఎంతటి కొలతో వేరే చెప్పనవసరం లేదు.

ధ్రువీకరణ సంగతి ఇలా కాదు. 1913 లిబర్టీ నికెల్ నాణేలు ఐదే ఉన్నాయి. అందులో ఒకటి 1962లో దాని యజమాని జార్జ్ వాల్టన్ మరణించిన కారు ప్రమాద శిథిలాల్లో దొరికింది. తేదీ మార్చిన నకిలీ అని నిపుణులు తేల్చడంతో కుటుంబం దాన్ని ఇంట్లోనే దాచుకుంది. 2003లో బాల్టిమోర్‌లో తక్కిన నాలుగింటి పక్కన పెట్టి పోల్చినప్పుడు అది అసలుదేనని తేలింది. 2013లో 31 లక్షల డాలర్లకు పైగా పలికింది. నాలుగు దశాబ్దాలు నిలిచిన పొరపాటే అయినా, పోల్చడానికి ఆధారం ఉన్నందువల్ల అది దిద్దుబాటుకు లొంగింది. 64, 65ల తగాదాలో అలా పక్కన పెట్టి చూడదగిన మూలప్రతి లేదు.

ఈ చర్చ మన పరిశోధనకు దూరమైనదేమీ కాదు. భారతీయ నాణేలూ ఇప్పుడు ఇలాంటి పెట్టెల్లో వేలాలకు వస్తున్నాయి, వాటి ఛాయాచిత్రాలు సిద్ధాంత వ్యాసాల్లోకి చేరే అవకాశం ఉంది. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబిలో దొరికిన పదమూడు వేలకు పైగా నహపాణుని వెండి నాణేల్లో మూడింట రెండు వంతులకు మించి గౌతమీపుత్ర శాతకర్ణి పునర్ముద్రించినవే. శాతవాహన చిహ్నాల కింద క్షహరాత రాజు ముఖం సగం చెరిగి కనిపించడమే అక్కడి చారిత్రక సాక్ష్యం. స్థితి ఒక్కటే చూసే కంటికి అది మసకబారిన అచ్చు. కోటిలింగాల, పెద్దబంకూరు వంటి చోట్ల దొరికిన నాణేల అధ్యయనంలో బరువుకు, లోహానికి ఉన్న ప్రాధాన్యం తెలిసిందే. పెట్టెలో మూసిన నాణేన్ని పరిశోధకుడు తూచలేడు, అంచును పూర్తిగా పరిశీలించలేడు. చీటీ మీద బరువు ఉంటే దాన్నే నమ్ముకోవాలి. అలాంటి నాణేన్ని ఉదహరించేటప్పుడు గ్రేడును వేలం సమాచారంగా పేర్కొనవచ్చు. అరుగుదల, పునర్ముద్రణ, గాట్ల వర్ణన మాత్రం పరిశోధకుడు తన మాటల్లో విడిగా రాయాలి. బరువు తాను తూచినదా, చీటీ నుంచి తీసుకున్నదా అన్నది కూడా అక్కడే నమోదు చేయాలి.